ఉగాది వచ్చినా నేల వేడెక్కదు: అమెరికా పెరట్లో ఎత్తు మడుల లెక్క

ఉగాది దగ్గర పడుతోందంటే అమెరికాలోని తెలుగు ఇళ్ళల్లో రెండు పనులు మొదలవుతాయి. పచ్చడికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందని వాట్సాప్ గ్రూపుల్లో వెతుకులాట ఒకటి. ఈ ఏడాదైనా పెరట్లో మడులు కట్టి బీర, సొర, గోంగూర వేయాలన్న ఉత్సాహం రెండోది. సరిగ్గా అప్పుడే పెద్ద దుకాణాల ముందు మట్టి బస్తాలు గుట్టలుగా వచ్చి పడతాయి. మడుల కిట్లు, విత్తనాల ప్యాకెట్లు, చాలాచోట్ల టమాటా నారు కూడా బయట పెట్టేస్తారు. అమ్ముతున్నారంటే నాటొచ్చనే కదా అనుకుని బండి నింపుకొస్తాం. దుకాణం వాడికి మాత్రం మార్చిలో సరుకు కదలడం ముఖ్యం. ఆ నారు ఏప్రిల్‌లో చలికి చస్తే మేలో మళ్ళీ కొంటామని వాడికి బాగా తెలుసు.

ఎత్తు మడి మనకు కొత్తదేం కాదు. టమాటా, మిరప, వంగ నారు పోసేటప్పుడు మీటరు వెడల్పున, జానెడు ఎత్తున మట్టి ఎగదోసి మడులు చేయడం మన రైతులకు అలవాటే. నీరు నిలిస్తే నారు కుళ్ళిపోతుంది కాబట్టి అలా చేస్తారు. ఇక్కడ ‘రెయిజ్డ్ బెడ్’ అంటున్నది దాన్నే. చుట్టూ పలకలు కొట్టి, నారుకే కాకుండా మొత్తం కూరగాయలకీ వాడతారు. ఇక్కడ దానికి అవసరమూ ఎక్కువే. కొత్త కాలనీల్లో చాలాచోట్ల ఇల్లు కట్టే ముందు బిల్డరు పైమట్టి గీకేస్తాడు. యంత్రాలు తిరిగి రాయిలా గట్టిపడ్డ అడుగుమట్టి మీద పచ్చిక పరిచి తాళాలు చేతికిస్తాడు. అందులో పార దిగదు. డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో వాళ్ళ సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడి నల్లమట్టీ మన గుంటూరు, కర్నూలు నల్లరేగడీ శాస్త్రం లెక్కలో ఒకే జాతి, పేరు వర్టిసాల్. తడిస్తే ఉబ్బి కాళ్ళకు అంటుకుంటుంది, ఎండితే చెయ్యి పట్టేంత పగుళ్ళిస్తుంది. మనవాళ్ళలాగే అక్కడివాళ్ళూ తరాల తరబడి అందులో పత్తి పండించారు. కానీ మార్చి వానల్లో దాన్ని తవ్వి కొత్తిమీర చల్లడం అయ్యే పని కాదు.

అయితే మడి కట్టడం ఇందులో తేలిక పని, ఒక శనివారంతో అయిపోతుంది. జనం తికమకపడేది ఎప్పుడు ఏది వేయాలన్న దగ్గర. ఎవరిని అడిగినా ఒక అంకె చెబుతారు. ఒకరు జోన్ నంబరంటారు, ఒకరు ఆఖరి మంచు తేదీ అంటారు, ఇంకొకరు ప్యాకెట్ వెనక రాసిన రోజులు చూడమంటారు. మూడూ నిజాలే. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు, మన ప్రశ్న ఏదో తెలియకుండా మూడిటినీ కలిపేసుకోవడంతోనే చిక్కు వస్తుంది.

మూడు అంకెలు, మూడు ప్రశ్నలు

జోన్ నంబరు అమెరికా వ్యవసాయ శాఖ మ్యాప్‌లోది. ఈమధ్య 2023లో దాన్ని సవరించారు. ఏటా చలికాలంలో అతి చల్లటి రాత్రి ఉష్ణోగ్రత ఎంత, దాని సగటు ఎంత అన్న ఒక్క విషయం మీదే దేశాన్ని ముక్కలు చేసిన మ్యాప్ అది. 7ఏ అంటే ఆ కనిష్ఠం 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉండే చోటు (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే). జామ, మల్లె, అంజూర, కరివేపాకు లాంటివి బయట వదిలేస్తే చలికాలం గట్టెక్కుతాయా అన్నదానికి ఇది పనికొస్తుంది. మేలో నాటి అక్టోబరులో పీకేసే వంగమొక్కకి జనవరి చలితో ఏం పని? సియాటిల్, డాలస్ నగరాల జోన్ నంబర్లు ఇంచుమించు ఒకటే. డాలస్‌లో జూలైకల్లా బెండ మనిషెత్తు పెరుగుతుంది. సియాటిల్‌లో అదే నెలలో రాత్రుళ్ళు 50ల్లోనే ఉండి బెండ మొక్క మొహం వేలాడేసుకుని నిలబడుతుంది. కాబట్టి ‘మాది ఫలానా జోన్, బీర వేయొచ్చా?’ అన్న ప్రశ్నకు జోన్‌లో జవాబు లేదు.

ఆఖరి మంచు తేదీ దీనికంటే పనికొచ్చేదే. వసంతంలో రాత్రి ఉష్ణోగ్రత చివరిసారి 32 డిగ్రీలకు పడే రోజు అది. డాలస్‌లో సుమారు మార్చి మధ్య, న్యూజెర్సీలో ఎడిసన్ ప్రాంతంలో ఏప్రిల్ మూడో వారం అటూ ఇటూ. చాలామంది గమనించని విషయం ఏమిటంటే అది సగటు తేదీ. సగం సంవత్సరాల్లో ఆ తేదీ తర్వాత కూడా మంచు పడుతుందని దాని అర్థం. పైగా వాతావరణ సూచనలో చెప్పే ఉష్ణోగ్రతను మనిషి ఛాతీ ఎత్తున కొలుస్తారు. మబ్బు, గాలి రెండూ లేని రాత్రి నేలకు ఆనుకుని ఉండే గాలి ఇంకా చల్లబడుతుంది. ఫోన్‌లో 36 చూసి నిశ్చింతగా పడుకుంటే పొద్దున్నే ఆకుల మీద తెల్లటి మంచు కనిపించవచ్చు. అలాంటి రాత్రి మొక్క మీద పాత దుప్పటి నేలదాకా జారేలా కప్పితే చాలావరకు బతికి బయటపడుతుంది. మట్టిలోంచి వచ్చే వెచ్చదనమే కాపాడేది కాబట్టి, తలకి గుడ్డ చుట్టినట్టు పైపైన కప్పితే ప్రయోజనం లేదు.

ఇక ప్యాకెట్ మీది రోజులు. ‘60 రోజుల్లో కాపు’ అని ఉంటే బెండ, బీర లాంటి నేరుగా విత్తేవాటికి విత్తిన రోజు నుంచి లెక్క. టమాటా, వంగ, మిరపకు మాత్రం మామూలుగా నారు నాటిన రోజు నుంచి లెక్క. అంటే విత్తనం నుంచి లెక్కేస్తే ఇంకో రెండు నెలలు కలుపుకోవాలి. ఇండియన్ స్టోర్‌లో కొన్న ప్యాకెట్‌ది మన ఊరి వేడికి వేసిన లెక్క కావచ్చు, చల్లటి చోట ఇంకా ఆలస్యమవుతుంది.

అసలు అడగాల్సింది మట్టిని

మన కూరగాయల్లో ఎక్కువవాటికి మంచు పోవడం ఒక్కటే చాలదు. మంచు ఆగాక కూడా మూడు, నాలుగు వారాలు నేల చల్లగానే ఉంటుంది. 55 డిగ్రీల తడిమట్టిలో బెండ గింజ వేస్తే మొలవదు, మెల్లగా కుళ్ళుతుంది. విత్తనం మంచిది కాదేమోనని మళ్ళీ కొంటాం. మళ్ళీ వేసేసరికి నేల కాస్త వేడెక్కి ఉంటుంది, అవి మొలుస్తాయి. దాంతో రెండో దుకాణం విత్తనాలు మంచివని పేరొస్తుంది.

పది, పదిహేను డాలర్లలో మట్టి థర్మామీటరు దొరుకుతుంది. పొద్దున్నే, నాలుగు అంగుళాల లోతున గుచ్చి చూడాలి. మధ్యాహ్నం చూస్తే ఎండకి పైమట్టి చూపించే అంకె మోసం చేస్తుంది. వరసగా నాలుగైదు రోజులు చూస్తే చాలు. 45 డిగ్రీలు దాటితే మెంతి, పాలకూర, ముల్లంగి, బఠాణీ, కొత్తిమీర వేసేయొచ్చు. చిన్న చిన్న మంచులను ఇవి లెక్కచేయవు. టమాటా నారుకి 60 రావాలి. బెండ, బీర, సొర, దోస, కాకర, గోంగూర, తోటకూర, బచ్చలి వేయాలంటే 65 నుంచి 70 మధ్య ఉండాలి. వంగ, మిరప నారుకి మట్టి ఒక్కటే చాలదు, రాత్రి గాలి కూడా 55కి తగ్గకుండా ఉండాలి. తొందరపడి చలిలో నాటిన వంగ చావకపోవచ్చు, కానీ ముడుచుకుపోయి, రెండు మూడు వారాలు ఆలస్యంగా నాటినదాని కంటే వెనకపడుతుంది.

ఎత్తు మడి అసలు లాభం ఇక్కడే తెలుస్తుంది. నీరు త్వరగా దిగిపోవడం వల్ల, పక్కలకి కూడా ఎండ తగలడం వల్ల మడిలో మట్టి నేలకంటే ముందుగా వేడెక్కుతుంది. వసంతంలో ఆ కొద్ది రోజులు చాలా విలువైనవి. అదే కారణంతో వేసవిలో ముందుగా ఎండిపోతుంది కూడా, ఆ సంగతి తర్వాత చూద్దాం.

దీన్నిబట్టి వసంతాన్ని ఒకే కాలంగా చూడకూడదని తేలుతుంది. ముందు చల్లటి పంటల కాలం, తర్వాత వేడి పంటల కాలం, రెండూ ఒకదాని వెనక ఒకటి అదే మడిలోంచి వెళ్ళాలి. డాలస్‌లో మెంతి, పాలకూర, బఠాణీ ఫిబ్రవరి మధ్యలోనే పడాలి. బంగాళాదుంప కూడా అప్పుడే, అక్కడి పాతకాపులు వాలెంటైన్స్ డేని గుర్తుగా పెట్టుకుంటారు. టమాటా నారు మార్చి మధ్య నుంచి ఆ నెలాఖరులోపు, మిగతా మన కూరలన్నీ ఏప్రిల్‌లో. న్యూజెర్సీలో మెంతి, ముల్లంగి మార్చి చివరి వారం, ఏప్రిల్ మొదటి వారం మధ్య. టమాటాకి మే రెండో ఆదివారం, అంటే మదర్స్ డే దాటాలన్నది అక్కడి వాడుక లెక్క. బెండ, బీర, వంగ, గోంగూర మే చివర్లో. మన పంచాంగంలో అది రోహిణి కార్తె. మన ఊళ్ళో రోళ్ళు పగిలే ఎండలు కాసే కార్తెలో న్యూజెర్సీ తెలుగువాళ్ళు బెండ గింజలు నానబెట్టుకోవాలి.

మెంతికూర నెల, నెలన్నరలో కోతకొస్తుంది. ముల్లంగి కూడా నెలలో అయిపోతుంది. ఏప్రిల్ మొదట్లో చల్లినవి మే మూడో వారానికి తీసేస్తే అదే మడి వంగకి ఖాళీగా దొరుకుతుంది. ఇంకా తెలివిగా చేయాలంటే వంగ నాటబోయే చోట్లు ముందే గుర్తుపెట్టి, అక్కడి మెంతిని మొదట కోసి, మిగతాది అలాగే ఉంచొచ్చు. కాగితం మీద మడి గీసి ఏ మూల ఏది అని రాసుకునే అలవాటు మంచిదే, కానీ ఒక్క బొమ్మ చాలదు. మార్చికి ఒకటి, జూన్‌కి ఒకటి కావాలి. డాలస్ వాళ్ళు ఆగస్టుకి మూడోది గీసుకోవాలి, ఎందుకంటే అక్కడ టమాటాకి ముగింపు తేదీ కూడా ఉంది. రాత్రి ఉష్ణోగ్రత 75 దిగకుండా, పగలు 95 దాటితే టమాటా పూత రాలిపోతుంది, పిందె కట్టదు. జూన్ దాటేలోపు కట్టిన పిందెలే కాపు. అందుకే అక్కడ మార్చిలో వారం ఆలస్యం కూడా నష్టమే. న్యూజెర్సీలో ఈ టెన్షన్ లేదు.

ఎండ ఎటు నుంచి

మన ఊళ్ళో మే, జూన్ నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నెత్తిమీదే ఉంటాడు. పందిరి ఏ పక్క వేసినా పెద్ద తేడా ఉండదు. అమెరికా ప్రధాన భూభాగంలో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే. న్యూజెర్సీలో మార్చి మూడో వారం మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల కోణం ఎత్తులో ఉంటాడు, జూన్‌లో 73. ఆరడుగుల కంచె నీడ మార్చి మధ్యాహ్నం అయిదడుగులు పడుతుంది, జూన్‌లో రెండడుగులు కూడా ఉండదు. కాబట్టి తీగల పందిరి, జాలి లాంటివన్నీ మడికి ఉత్తరపు అంచున ఉండాలి. దక్షిణాన బీర పాకించి వెనక మిరప వేస్తే మిరపకి నీడే మిగులుతుంది.

చెట్ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. మార్చిలో స్థలం చూసుకునేటప్పుడు మేపుల్, ఓక్ చెట్లు మోళ్ళుగా ఉంటాయి, పెరడంతా ఎండే. మే వచ్చేసరికి అవి చిగురించి గొడుగు పడతాయి. కాయకూరలకి రోజుకి ఆరు గంటలకి తగ్గకుండా, ఎనిమిదైతే ఇంకా మేలు, నేరు ఎండ కావాలి. పోయిన వేసవిలో పెరట్లో తీసుకున్న ఫోటోలు ఫోన్‌లో ఉంటే వెతికి చూడండి, నీడ ఎక్కడ పడిందో వాటిలో తెలిసిపోతుంది. ఎండ తక్కువ చోటే దిక్కయితే మెంతి, కొత్తిమీర, పుదీనా, పాలకూరతో సరిపెట్టుకోవాలి. హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉన్న కాలనీలో ముందు పెరట్లో కట్టొచ్చా, కంచె ఎంత ఎత్తు ఉండొచ్చు అన్నది ముందే అడిగేయడం మంచిది. న్యూజెర్సీలో జింకలు ఏడడుగుల కంచెకి తక్కువైతే దాటేస్తాయి, కాలనీ నియమాలు అంత ఎత్తుకి ఒప్పుకోవడం అరుదు.

పలకలు, మట్టి

వెడల్పు నాలుగడుగులు మించకూడదు. రెండు పక్కల నుంచీ చెయ్యి మధ్యకి అందాలి, మడిలో కాలు పెట్టే అవసరం రాకూడదు. కాలు పెట్టిన చోట మట్టి అణిగి, మడి కట్టిన ప్రయోజనమే పోతుంది. కంచెకి ఆనించి కడితే రెండు, రెండున్నర అడుగులే. రెండు మడుల మధ్య చక్రాల బండి పట్టాలంటే మూడడుగుల దారి వదలాలి. మట్టినేల మీద కడితే పది, పన్నెండు అంగుళాల ఎత్తు సరిపోతుంది, వేళ్ళు కింద నేలలోకి దిగుతాయి. అందుకే అడుగున ప్లాస్టిక్ షీటు వేయకూడదు. పచ్చిక మీద అట్టపెట్టెలు విప్పి పరిచి, తడిపి, దానిమీద మట్టి పోస్తే గడ్డి చస్తుంది, అట్ట కూడా మెల్లగా మట్టిలో కలిసిపోతుంది. కాంక్రీటు మీద అయితే ఒకటిన్నర అడుగులైనా ఉండాలి.

చెక్క గురించి పాత భయం ఒకటి ఉంది. చెదలు పట్టకుండా మందు ఎక్కించిన కలపలో ఒకప్పుడు ఆర్సెనిక్ ఉండేది. ఇళ్ళ వాడకానికి ఆ రకాన్ని 2003 చివరికి ఆపేశారు. ఇప్పుడు అమ్మేవాటిలో రాగి ఆధారిత మందులుంటాయి. అయినా మనసొప్పకపోతే సెడార్ చెక్క గానీ జింకు పూత రేకు మడులు గానీ తీసుకోవచ్చు. పాత డెక్ విప్పిన కలప, రైలు పట్టాల కింద వేసే దుంగలు మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే గోడల పెయింటులో సీసం ఉండే అవకాశం ఉంది, రాలిన రంగు గోడ పక్క మట్టిలో చేరుతుంది. మడి గోడకి దూరంగా పెట్టి, మట్టి పరీక్ష చేయించాలి. ప్రతి రాష్ట్రంలోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి విస్తరణ విభాగం ఉంటుంది. న్యూజెర్సీలో రట్గర్స్, టెక్సస్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం కొద్దిపాటి రుసుముకి మట్టి పరీక్ష చేస్తాయి. మన పక్క ఊరి తేదీలు, తెగుళ్ళు అన్నీ వాళ్ళ దగ్గర ఉంటాయి. యూట్యూబ్ కంటే ముందు అడగాల్సింది వాళ్ళని.

డబ్బు ఎక్కువ ఖర్చయ్యేది మట్టికి. నాలుగడుగులు, ఎనిమిదడుగులు, అడుగు ఎత్తు అంటే 32 ఘనపుటడుగులు. దుకాణంలో బస్తా ఒకటిన్నర ఘనపుటడుగులుంటే 21 బస్తాలు దాటతాయి. ఒక్క మడికే ఇన్ని బస్తాలా అని చాలామంది అక్కడే ఆగిపోయి సగం నింపి వదిలేస్తారు. రెండు, మూడు మడులైతే ల్యాండ్‌స్కేప్ సరుకు అమ్మే యార్డు నుంచి లారీలో తెప్పించుకోవడం చవక. వాళ్ళు ఘనపు గజాల్లో అమ్ముతారు, గజం 27 ఘనపుటడుగులు, కాబట్టి మడికి గజం, దాని మీద పావు గజానికి కాస్త తక్కువ కావాలి. ఒక్కో గజం టన్ను దాకా తూగుతుంది, డ్రైవ్‌వేలో గుమ్మరించి వెళ్ళిపోతాడు, ఆ వారాంతం ఇంట్లో అందరి నడుములకీ పనే.

కొన్న మట్టి ఎలా ఉండాలన్న దాని మీద నా అభిప్రాయం గట్టిదే: మూడింట రెండు వంతులు మంచి పైమట్టి, ఒక వంతు మాగిన కంపోస్టు. ‘ఎరువెంత ఎక్కువైతే అంత మంచిది’ అని మడంతా కంపోస్టుతో నింపేవాళ్ళున్నారు. అది ఏడాదికే సగానికి కుంగుతుంది, లవణాలు, భాస్వరం పేరుకుంటాయి. కుండీలకి అమ్మే పాటింగ్ మిక్స్ మరీ తేలిక, ఖరీదు కూడా. ఎలా నింపినా మొదటి ఏడాది మట్టి కొన్ని అంగుళాలు దిగుతుంది, మళ్ళీ కంపోస్టు పైన వేసుకుంటూ పోవాలి.

పశువుల ఎరువు మీద మనకున్న నమ్మకం ఇక్కడ ఒక్కోసారి దెబ్బతీస్తుంది. గడ్డిభూముల్లో వెడల్పాకుల కలుపు చావడానికి కొట్టే క్లోపైరలిడ్, అమినోపైరలిడ్ లాంటి మందులు పశువు కడుపులోంచి కూడా చెడకుండా పేడలోకి వస్తాయి, కంపోస్టు అయ్యాక కూడా కొన్నాళ్ళు మిగులుతాయి. అలాంటి ఎరువు వేసిన మడిలో గడ్డి జాతి మొక్కలకి ఏమీ కాదు. టమాటా, వంగ, చిక్కుడు కుటుంబాల ఆకులు మాత్రం దొన్నెల్లా ముడుచుకుని మెలితిరుగుతాయి. చూసినవాళ్ళు వైరస్ అనుకుంటారు. తెలుసుకోవడానికి తేలిక దారి ఉంది. ఒక కుండీలో ఆ ఎరువు కలిపిన మట్టి, ఇంకోదాంట్లో కొన్న పాటింగ్ మిక్స్ పోసి, రెండిట్లో నాలుగేసి బీన్స్ గింజలు వేసి మూడు వారాలు చూడాలి. ఎరువు కుండీలోని ఆకులు మెలితిరిగితే ఆ లోడు మడికి పనికిరాదు. మార్చిలో ఈ పరీక్ష పెడితే నాటే సమయానికి జవాబు చేతిలో ఉంటుంది. బూడిద చల్లే అలవాటు కూడా చోటుని బట్టి చూసుకోవాలి. డాలస్ మట్టి అసలే క్షారం, బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది.

ఎన్ని మొక్కలు

తక్కువే. నాలుగు ఎనిమిది మడిలో వంగ ఎనిమిది మించకూడదు, రెండడుగులకి ఒకటి చొప్పున రెండు వరసలు. బెండ అడుగుకొకటి, నలుగురున్న ఇంటికి కూరకి సరిపడా కాయలు ఒకే రోజు రావాలంటే పది, పన్నెండు మొక్కలైనా కావాలి. రెండు మొక్కలు వేస్తే రోజూ మూడు కాయలు కోసి ఫ్రిజ్‌లో దాచుకోవడమే అవుతుంది. సొర మాత్రం ఒక్క పాదు చాలు. మూడు పాదులు వేసిన ఇంటివాళ్ళు ఆగస్టులో గుడికొచ్చినవాళ్ళందరికీ సొరకాయలు పంచుతూ కనిపిస్తారు.

సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, బీర పూలూ అంతే. పగటిపూట తిరిగే తేనెటీగలకి అవి అందవు, రాత్రి తిరిగే చిమ్మటలు చేయాల్సిన పని. మీ పెరట్లో అవి తక్కువైతే పిందెలు వేలెడుండగానే పసుపెక్కి రాలిపోతాయి. నీళ్ళో ఎరువో తక్కువైందని పోస్తూ ఉంటాం, దాంతో ఉపయోగం లేదు. చీకటి పడే వేళ మగ పువ్వు తెంపి, రేకులు తీసేసి, కింద చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో అద్దితే సరిపోతుంది.

వంగ ఆకులకి సన్నటి చిల్లులు పడితే అవి ఫ్లీ బీటిల్ అనే నల్లటి చిన్న పురుగులు. నాటిన రోజునే పల్చటి తెల్లగుడ్డ, రో కవర్ అని అమ్ముతారు, కప్పి అంచులు మట్టితో మూసేయాలి. మొక్క పుంజుకుని పూత మొదలయ్యాక తీసేస్తే చాలు, అప్పటికి ఆ పురుగు తిన్నా తట్టుకుంటుంది.

నీళ్ళ లెక్క కూడా ముందే వేసుకోవాలి. వారానికి అంగుళం నీరంటే ఈ సైజు మడికి 20 గ్యాలన్లు. డాలస్ జూలైలో దానికి రెట్టింపైనా చాలదు, రోజూ తడపాల్సి వస్తుంది. వేసవిలో ఇండియా ప్రయాణం ఉంటే డ్రిప్, టైమరు లేకుండా తోట మొదలుపెట్టకపోవడమే నయం. మట్టి మీద ఎండుగడ్డో ఆకులో కప్పితే తడి నిలుస్తుంది, కానీ నేల బాగా వేడెక్కాకే కప్పాలి. ఏప్రిల్‌లోనే కప్పేస్తే చల్లదనాన్ని లోపలే పట్టి ఉంచుతుంది.

విత్తనాల గురించి ఒక మాట. వంగ, మిరప గింజలు నాటడానికి ఎనిమిది వారాల ముందు, టమాటా ఆరు వారాల ముందు ఇంట్లో లైటు కింద పోయాలి. బీర, సొర, దోస వేళ్ళు కదిలితే అలుగుతాయి, చిన్న కప్పుల్లో మూడు వారాలకి మించి పెంచకూడదు. నారు బయటికి తీసేటప్పుడు ఒకేసారి ఎండలో పెట్టకుండా వారం, పది రోజులు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. అమ్మ కొంగున కట్టి పంపిన గింజలైనా సరే, నాటే విత్తనాలకి మొక్కల ఆరోగ్య ధృవపత్రం కావాలన్నది అమెరికా నియమం. ఎయిర్‌పోర్టులో చెప్పకుండా తెస్తే జరిమానా పడవచ్చు. ఇప్పుడు మన విత్తనాలు అమెరికాలోనే ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

గోంగూర, చిక్కుడు, పగటి పొడవు

వేడి చాలినా, ఎండ చాలినా, మట్టి బాగున్నా కాయని కూర ఒకటుంది. పందిరి చిక్కుడు. న్యూజెర్సీలో మేలో వేస్తే ఆగస్టుకి కంచెంతా ఆక్రమిస్తుంది, ఒక్క పువ్వుండదు. నత్రజని ఎక్కువైందని కొందరు, నీళ్ళు మానేసి బెదిరించాలని కొందరు సలహా ఇస్తారు. అసలు కారణం పగటి పొడవు. సంప్రదాయ పందిరి చిక్కుడు రాత్రుళ్ళు పొడుగైతేనే పూస్తుంది. మన దగ్గర వానాకాలంలో వేస్తే చలికాలంలో కాస్తుంది, రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేయగలిగేది అందుకే. విజయవాడలో ఏడాదిలో అతి పొడుగు పగలు 13 గంటలు చిల్లర. న్యూజెర్సీలో 15 గంటలు. ఆ తీగకి జూన్, జూలైల్లో పూత పిలుపే అందదు.

సెప్టెంబరు మూడో వారంలో పగలూ రాత్రీ అన్నిచోట్లా ఇంచుమించు సమానం. కాబట్టి డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ తీగకి పూత కబురు దాదాపు ఒకే వారాల్లో అందుతుంది. తేడా ఆ తర్వాత వస్తుంది. ఎడిసన్‌లో అక్టోబరు మధ్య దాటితే ఏ రాత్రైనా మంచు పడి పూత, పిందె నల్లబడొచ్చు. డాలస్‌లో మంచు నవంబరు మూడో నాలుగో వారం దాకా రాదు, కాబట్టి కాపు దొరుకుతుంది. అక్కడ చిక్కుడు మేలో వేసి వేసవంతా నీళ్ళు పోయనక్కర్లేదు, జూలైలో వేసినా అదే అక్టోబరుకి పూస్తుంది.

గోంగూరదీ ఇదే స్వభావం, కానీ మనం తినేది ఆకు కాబట్టి అది మనకి కలిసొస్తుంది. పొడుగు పగళ్ళలో పూత జోలికి పోకుండా ఆకు పెడుతూనే ఉంటుంది. కొసలు తుంచుతూ ఉంటే నాలుగు మొక్కలు సెప్టెంబరు దాకా పప్పుకీ పచ్చడికీ లోటు రానివ్వవు. న్యూజెర్సీలో మొదటిసారి మడి కట్టేవాళ్ళకి ముందుగా నేను చెప్పేది గోంగూరే.

అక్కడే చిక్కుడు కూడా కావాల్సిందే అంటే పగటి పొడవుతో పని లేని పొద రకాలు చూసుకోవాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ తెచ్చిన అర్కా జయ్, అర్కా విజయ్ అలాంటివే. అవి దొరక్కపోతే ఉత్తరపు అంచున ఉన్న ఆ జాలిని బీరకి ఇచ్చేయండి. జూలై చివరి నుంచి మంచు పడేదాకా కాస్తుంది.